‘బాగానే నడుస్తోందిగా’ అనే వాదానికి జవాబు

“బండి బాగానే నడుస్తోందిగా, ఇప్పుడు దాన్ని కెలుక్కోవడం ఎందుకు?” గుంటూరు బ్రాడీపేటలో ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోనైనా రీకాల్ ఊసెత్తగానే వినపడే మాట ఇది. పెద్ద చదువులు చదివిన డాక్టర్లూ ఇదే అంటారు, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాళ్ళూ ఇదే అంటారు, వాళ్ళ కార్లు నడిపే డ్రైవర్లూ ఇదే అంటారు. మీ కారులో ఫలానా భాగంలో లోపం ఉండే అవకాశం ఉంది, తీసుకొస్తే ఉచితంగా మారుస్తాం అని కంపెనీ నుంచి మెసేజ్ వస్తుంది. దాన్ని చదివి వదిలేస్తారు. ఆదివారం అదే కారులో పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఎక్కించుకుని సూర్యలంక వెళ్తారు.

ఎవరి అభిప్రాయం వాళ్ళదని ఊరుకోదగ్గ విషయమైతే ఈ వ్యాసం అక్కర్లేదు. ఈ అభిప్రాయానికి మూల్యం చెల్లించేది మాత్రం అభిప్రాయం చెప్పినవాళ్ళు కాదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు, ఆ కారును తర్వాత కొనుక్కున్నవాళ్ళు, ఎదురుగా స్కూటర్ మీద వస్తున్నవాళ్ళు. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం కుదరదు.

ముందు ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పుకుందాం. కారు ఏ ఇబ్బందీ పెట్టనప్పుడు విప్పదీయిస్తే, అంతకుముందు లేని చప్పుళ్ళు కొత్తగా మొదలవుతాయి. రీకాల్ పేరుతో పిలిచి, బ్రేక్ ప్యాడ్లు అరిగాయనీ బ్యాటరీ వీకైందనీ వేలకు వేలు బిల్లు వేస్తారు. రీకాల్ వచ్చిన మోడల్ అని పేరు పడితే అమ్మకానికి పెట్టినప్పుడు రేటు పలకదు. నిజంగా అంత ప్రమాదమే అయితే కంపెనీయో ప్రభుత్వమో వెంటపడి ఆపించేవి. అయినా మన రోడ్ల మీద చావులకు కారణం నడిపేవాళ్ళూ, రోడ్లూ. కారులో ఎక్కడో ఉన్న చిన్న భాగం కాదు. ఈ మాటలు అనేవాళ్ళు తెలివి లేనివాళ్ళేమీ కాదు. సర్వీస్ సెంటర్లలో చేతులు కాల్చుకున్నవాళ్ళు, విడిభాగం కోసం వారాల తరబడి తిరిగినవాళ్ళు, అనుభవంతోనే మాట్లాడుతున్నవాళ్ళు. వాళ్ళ అనుభవం నిజం. దాని నుంచి వాళ్ళు తీసుకున్న నిర్ణయం తప్పు. ఎక్కడ తప్పో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. నడుస్తోంది కాబట్టి బాగుంది

మొత్తం వాదానికి వెన్నెముక ఇదే కాబట్టి దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

కారులో కొన్ని భాగాలు రోజూ పనిచేస్తాయి. ఇంజను, క్లచ్, గేర్లు, ఏసీ. వీటిలో ఏది పాడైనా మనకు తెలుస్తుంది. చప్పుడు వస్తుంది, మైలేజీ పడిపోతుంది, చల్లదనం తగ్గుతుంది. ఇంకొన్ని భాగాలు కారు జీవితం మొత్తంలో ఒక్కసారే, అదీ రెప్పపాటులో పనిచేయాలి. ఎయిర్‌బ్యాగ్, దాన్ని తెరవమని ఆదేశమిచ్చే కంట్రోలర్, గుద్దుకున్న క్షణంలో సీటు బెల్టును ఒంటికి బిగించే ప్రిటెన్షనర్, ఆ బెల్టును కారు బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్. ఇవి పాడైనా కారు హాయిగా నడుస్తుంది. పదేళ్ళు నడుస్తుంది. “బాగానే నడుస్తోంది” అన్న మాట మొదటి రకం భాగాల గురించి సాక్ష్యం చెబుతుంది గానీ, రెండో రకం గురించి ఏమీ చెప్పదు. కుటుంబాల కార్లకు మన దేశంలో వచ్చిన రీకాల్స్ చూడండి, ఎన్ని ఈ రెండో రకానివో తెలుస్తుంది.

2023 జనవరిలో మారుతి సుజుకి 17,362 కార్లను వెనక్కి పిలిచింది. ఆల్టో కె10, ఎస్‌ప్రెస్సో, ఈకోతో పాటు బాలెనో, బ్రెజా, గ్రాండ్ విటారా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. లోపం ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో. ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవచ్చు, బెల్టులు బిగుసుకోకపోవచ్చు అన్నది కంపెనీ చెప్పిన విషయం. ఆ భాగం మార్చేదాకా అనుమానం ఉన్న కారును నడపవద్దని కూడా ఆ కంపెనీయే చెప్పింది. ఆ కార్లన్నీ నెల రోజుల కిందట ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి, కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తున్నవి. ‘బాగానే నడుస్తోంది’ అన్న పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకునేవి.

అదే నెలలో 11,177 గ్రాండ్ విటారాలను వెనక సీటు బెల్టు బ్రాకెట్ల కోసం పిలిచారు. మన ఇళ్ళల్లో వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో వేరే చెప్పాలా? అంతకుముందు 2022 అక్టోబరులో కియా 44,174 కారెన్స్ కార్లను పిలిచింది. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కారే అది. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లోని సాఫ్ట్‌వేర్‌లో తేడా ఉందేమో చూసి సరిచేయడానికి పిలిచారు. సాఫ్ట్‌వేర్ తప్పును ఏ చెవీ వినలేదు, స్టీరింగ్ మీద ఏ చెయ్యీ పసిగట్టలేదు. 40 ఏళ్ళ డ్రైవింగ్ అనుభవమున్నా ఇక్కడ అక్కరకు రాదు.

కొన్ని లోపాలు మెల్లగా పెరుగుతాయి. 2023 ఆగస్టులో మహీంద్రా 1,08,306 ఎక్స్‌యూవీ700 కార్లను పిలిచింది. 2021 జూన్ నుంచి 2023 జూన్ దాకా తయారైనవన్నమాట. ఇంజను గదిలో వైర్ల కట్ట సాగిన దారిలో రాపిడికి తోలు కోసుకుపోయే ప్రమాదం ఉందని చెప్పారు. రాపిడి రోజురోజుకీ పెరిగేదే గానీ తగ్గేది కాదు. నిన్నటిదాకా ఏమీ కాలేదు కాబట్టి రేపూ ఏమీ కాదనడం ఇక్కడ తలకిందుల లెక్క. నిన్నటిదాకా నడిచిన ప్రతి కిలోమీటరూ ఆ తోలును కొంత అరగదీసింది.

ఇంకొన్ని లోపాలు ఒక పరిస్థితి కోసం ఎదురుచూస్తాయి. 2021 సెప్టెంబరు మొదట్లో మారుతి 1,81,754 పెట్రోల్ కార్లను పిలిచింది. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్‌క్రాస్, ఎక్స్ఎల్6. మన దగ్గర కుటుంబాలు ఎక్కువగా కొన్న బండ్లే ఇవన్నీ. లోపం మోటార్ జనరేటర్ యూనిట్‌లో. భాగాల మార్పిడి నవంబరు మొదటి వారం నుంచి మొదలవుతుందనీ, అప్పటిదాకా నీళ్ళు నిలిచిన చోట కారు నడపవద్దనీ, కరెంటు భాగాల మీద నేరుగా నీళ్ళు కొట్టవద్దనీ చెప్పారు. సెప్టెంబరు నుంచి నవంబరు అంటే గుంటూరులో వానల కాలం. ఒక గట్టి వాన పడితే మూడు వంతెనల కింద నీళ్ళు నిలుస్తాయని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తడం చూశాం. ఎండాకాలం మొత్తం ఏ లోటూ లేకుండా నడిచిన కారు, ఆ ఒక్క వాన గురించి మనకు ఏ హామీ ఇవ్వలేదు.

వీటన్నిటికంటే పెద్ద పాఠం టకాటా. జపాన్‌కు చెందిన ఈ కంపెనీ తయారుచేసిన, ఎయిర్‌బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలో అమోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ ఆ మందు చెడిపోతుంది. చిన్న గుద్దుడుకి కూడా అది అతిగా పేలి, చుట్టూ ఉన్న లోహపు డబ్బాను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని డ్రైవరు మెడలోకీ ముఖంలోకీ దింపుతుంది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. అక్కడ 28 మంది చనిపోయారు. ఆ 28 కార్లూ ఆ క్షణం దాకా బాగా నడిచినవే. వేడి, తేమ కలిసిన ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లోనే ముప్పు ఎక్కువని అక్కడి భద్రతా సంస్థ తేల్చింది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే సెగ ముఖాన కొట్టే ఊరు మనది. పైగా సముద్రపు గాలి తగిలే కోస్తా. ఈ లోపానికి ఇంతకంటే అనువైన చోటు ఎక్కడుంటుంది? హోండా మన దేశంలోనూ ఈ కారణంగానే 2016లో దాదాపు 1.9 లక్షల పాత జాజ్, సిటీ, సివిక్, సీఆర్‌వీ కార్లను వెనక్కి పిలిచింది. ఆ కార్లలో చాలావాటి వయసు ఇప్పుడు పదిహేనేళ్ళకు అటూ ఇటూ. ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది నాలుగో మాటలో వస్తుంది.

2. అదంతా సర్వీస్ సెంటర్ బిల్లు పెంచుకునే ఎత్తు

రీకాల్ పని మీద యజమాని నుంచి పైసా తీసుకోరు. భాగం ఖర్చు, కూలీ రెండూ కంపెనీవే. 2012 నుంచి కార్ల కంపెనీల సంఘం సియామ్ తనకు తానుగా పెట్టుకున్న నియమావళి ఒకటి నడిచింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ తెచ్చాక ఇది కంపెనీల దయ మీద ఆధారపడిన సంగతి కాకుండా పోయింది. లోపం ఉన్న వాహనాలను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. సరిచేయడం, మార్చి ఇవ్వడం, డబ్బు తిరిగి ఇవ్వడం దాకా బాధ్యత తయారీదారుదే. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రభుత్వం బలవంతాన రీకాల్ చేయించాల్సి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. లోపాన్ని తానే గుర్తించి, తానే తెలియజేసి, తానే వెనక్కి పిలిచిన కంపెనీకి ఆ జరిమానా ఉండదు. కంపెనీలు ‘స్వచ్ఛందంగా’ ముందుకు రావడం వెనక ఈ లెక్క ఉంది. మన జేబు కొట్టడానికి పన్నిన పన్నాగమైతే, తమ కారులో లోపం ఉందని దేశమంతా పేపర్లలో వేయించుకోవడం కంటే తేలికైన దారులు వాళ్ళకు చాలా ఉన్నాయి.

మరి బిల్లు సంగతి? అది నిజమే. రీకాల్ కోసం వెళ్తే ఇంకో నాలుగు పనులు అంటగట్టే సర్వీస్ అడ్వైజర్లు ఉన్నారు. దానికి మందు వెళ్ళకపోవడం కాదు. రీకాల్ పనికి విడిగా జాబ్ కార్డు రాయమనండి. మిగతా ఏ పనీ నా సంతకం లేకుండా చేయవద్దని దాని మీదే రాయించండి. పని అయ్యాక, ఏ రీకాల్ కింద ఏ భాగం మార్చారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. దుకాణదారు తూకంలో మోసం చేస్తాడని మన బాకీ వసూలు చేసుకోవడం మానేస్తామా? రీకాల్ అంటే కంపెనీ మనకు పడ్డ బాకీ. దాన్ని వదిలేస్తే లాభపడేది కంపెనీ ఒక్కటే.

3. రీకాల్ వచ్చిందంటే అది చెత్త బండి

ఈ మాట గుంటూరు జిల్లా వాడు అనకూడదు. పత్తి, మిర్చి విత్తనాలు కొనే రైతు ప్యాకెట్ మీద లాట్ నంబరు చూస్తాడు. ఖాళీ ప్యాకెట్టునూ బిల్లునూ పంట చేతికొచ్చేదాకా దాస్తాడు. మొలక రాకపోతే ఆ లాట్ నంబరు పట్టుకుని పోరాడతాడు. కంపెనీ పేరు ఒకటే అయినా తప్పు ఏ లాట్‌లో జరిగిందన్నదే అసలు సంగతి అని అతనికి తెలుసు. కార్ల రీకాల్ కూడా అచ్చంగా అంతే. పైన చెప్పిన 17,362 కార్లు 2022 డిసెంబరు 8కీ 2023 జనవరి 12కీ మధ్య తయారైనవి. దానికి ముందు నెల వచ్చిన అదే రంగు, అదే మోడల్ బాలెనో ఆ జాబితాలో లేదు. మోడల్ మొత్తానికి మచ్చ వేయడం, మన కారు చాసిస్ నంబరు మాత్రం చూసుకోకపోవడం, రెండూ తప్పే.

నిజానికి అనుమానించాల్సింది ఏళ్ళ తరబడి ఒక్క రీకాల్ కూడా ప్రకటించని కంపెనీని. లక్షల వాహనాలు, వేల భాగాలు, వందల సరఫరాదారులు ఉన్నచోట ఎప్పుడూ ఏ లోపమూ రాలేదంటే, లోపం రాలేదని కాదు, ఎవరూ వెతకలేదని అర్థం చేసుకోవాలి.

రేటు పడిపోతుందన్న భయానికి ఒక్క మాట. రీకాల్ అయి, పని పూర్తయిన కాగితం ఉన్న కారు, పని చేయించని కారు కంటే తక్కువకు ఎందుకు పోతుంది? కొనేవాడు అడగడు కాబట్టి దాచేద్దాం అనుకుంటే, దాన్ని వ్యాపారం అనరు. తెలిసిన ప్రమాదాన్ని ఇంకొకరి పిల్లల మీదికి నెట్టడం అంటారు.

4. అంత ప్రమాదమైతే వాళ్ళే వెంటపడేవారు

అన్నిటికంటే ప్రమాదకరమైన భ్రమ ఇది. ఎవరు వెంటపడతారు? ఎవరి వెంట?

కంపెనీ దగ్గర ఉండేది కారును షోరూంలో కొన్న మొదటి మనిషి పేరు, అప్పటి ఫోన్ నంబరు. మన ప్రాంతంలో కార్లు ఎలా చేతులు మారతాయో చూడండి. మిర్చికి రేటు వచ్చిన ఏడాది కొత్త కారు కొంటారు. రేటు పడిన ఏడాది అదే కారు పాత కార్ల కన్సల్టెన్సీ ముందు నిలబడుతుంది. అక్కడి నుంచి ఒంగోలుకో, మార్కాపురానికో, నరసరావుపేటకో పోతుంది. కొన్నవాడు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుంటాడు గానీ, పేరు మార్పిడికి నెలలు గడిపేవాళ్ళు ఎంతోమంది. మూడో చేతికి వచ్చేసరికి కంపెనీ మెసేజ్ మొదటి యజమాని ఫోన్‌కే వెళ్తుంటుంది. అతను ఆ కారు అమ్మేసి ఆరేళ్ళయింది, మెసేజ్ చూసి తీసేస్తాడు. ఇక ఆ సమాచారం చేరాల్సిన మనిషికి చేరే దారే లేదు. ఎయిర్‌బ్యాగ్ మందు చెడేది సరిగ్గా కారు పాతబడ్డాకే. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ హెచ్చరిక అందే అవకాశం తగ్గుతుంది. అప్పో సప్పో చేసి పాత కారు కొనుక్కున్న చిన్న ఉద్యోగి, చిన్న రైతు, ఈ ప్రమాదాన్ని తెలియకుండానే కారుతో పాటు కొనుక్కుంటున్నారు.

ప్రభుత్వం ఆపుతుందా? సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళ దాకా చెల్లుతుంది. ఈ 15 ఏళ్ళలో పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు, ఇన్సూరెన్స్ అడుగుతారు. రీకాల్ పని చేయించావా అని అడగరు. రవాణా కార్యాలయంలో పేరు మార్పిడి కౌంటరు దగ్గర కూడా అడగరు. వాహన్ రికార్డుల్లో ప్రతి కారు చాసిస్ నంబరూ ఉంది, రిజిస్టరైన యజమాని ఫోన్ నంబరూ ఉంది. హెల్మెట్ లేదనో సిగ్నల్ దాటామనో చలానా పడితే గంటల్లో ఫోన్‌కు వస్తుంది. అదే నంబరుకు ‘మీ కారు ఎయిర్‌బ్యాగ్ పనిచేయకపోవచ్చు’ అని ఒక మెసేజ్ పంపడానికి ఏం అడ్డు? సాంకేతికంగా ఏమీ లేదు. మనం అడగడం లేదు, అంతే. మనమే పట్టించుకోని విషయాన్ని వాళ్ళు పట్టించుకోవడం లేదని నిశ్చింతగా ఉంటున్నాం. ఈ వాదంలో ఇదే అసలైన బొక్క: ఎవరూ వెంటపడకపోవడాన్ని ప్రమాదం లేదనడానికి రుజువుగా చూపిస్తున్నారు.

చట్టం కూడా యజమానుల ఫిర్యాదుల మీదే చాలావరకు ఆధారపడింది. నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే ప్రభుత్వం కదులుతుంది. అదీ ఏడేళ్ళ లోపు వాహనాలకే. నోరు మూసుకున్న ఊరికి ఆ 110ఏ సెక్షన్ అక్కరకు రాదు.

వెంటపడేదాకా ఆగితే ఏమవుతుందో మన తెలుగు ఊళ్ళే చూశాయి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. ఆ తర్వాతే దాన్ని తయారుచేసిన, హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ కంపెనీ 2,000 స్కూటర్లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించింది. అదే నెలలో విజయవాడలో ఇంకో కంపెనీ స్కూటర్ బ్యాటరీ పేలి ఇంకొకరు పోయారు. ఆ కుటుంబాలకు ముందుగా ఒక మెసేజ్ వచ్చి ఉంటే ఎంత బాగుండేది! మనకు ఆ మెసేజ్ వస్తోంది. వచ్చినా కదలడం లేదు.

5. ప్రమాదాలకు కారణం డ్రైవర్లు, రోడ్లు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలో వేశారు. ఈ అంకె పట్టుకునే కారులో లోపాల సంగతి కొట్టిపారేస్తారు. ఆ ఖాతా ఎవరు రాశారు? పోలీసులు కేసు రాసేటప్పుడు పూరించిన కారణాలు అవి. చిలకలూరిపేట దగ్గర హైవే మీద నుజ్జయిన కారు చాసిస్ నంబరు తీసి, దానికి రీకాల్ పెండింగ్‌లో ఉందా, ఎయిర్‌బ్యాగ్ ఎందుకు తెరుచుకోలేదు అని చూసే తీరిక ఎవరికుంది? వెతకనిది దొరకదు. దొరకలేదు కాబట్టి లేదంటున్నాం.

వెతికినచోట ఏం బయటపడిందో జనరల్ మోటార్స్ కథ చెబుతుంది. కారు నడుస్తుండగానే ఇగ్నిషన్ స్విచ్ జారిపోయి ఇంజను ఆగిపోయేది, దాంతో ఎయిర్‌బ్యాగులూ తెరుచుకునేవి కావు. కంపెనీ లోపల ఈ సంగతి ఏళ్ళుగా తెలిసినా, 2014లో గానీ 26 లక్షల కార్లను వెనక్కి పిలవలేదు. 124 మరణాలకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. టెక్సాస్‌లో ఒక యువతి 2004లో నడుపుతున్న కారు అలాగే అదుపు తప్పి కాబోయే భర్త చనిపోతే, తప్పు ఆమెదేనన్నారు. ఆమె కూడా ఒప్పుకుని శిక్ష అనుభవించింది. పదేళ్ళ తర్వాత, 2014 నవంబరులో, కోర్టు ఆ నేరాన్ని కొట్టివేసింది. ‘డ్రైవర్ తప్పు’ అని తేలికగా రాసేసిన ఒక్క మాట ఒక మనిషి జీవితంలో పదేళ్ళు తినేసింది.

మన సుప్రీంకోర్టు దాకా వచ్చిన కేసూ ఉంది. అది రీకాల్ కేసు కాదు, కానీ ఈ వాదానికి సూటిగా తగులుతుంది. 2017లో హైవే మీద ప్రమాదం జరిగినప్పుడు ఒక హ్యుందాయ్ క్రెటాలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తెరుచుకునేంత గట్టిగా గుద్దుకోలేదని కంపెనీ వాదించింది. కారు కొనేవాడు వేగం, బలం సూత్రాలు లెక్కగట్టుకుంటాడని అనుకోలేమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చి, కొన్న మనిషి పక్షాన నిలిచింది. భద్రత ఉందని చెప్పి అమ్మాక, ప్రమాదంలో అది పనిచేయాలి. డ్రైవరు తప్పు చేశాడా లేదా అన్నది వేరే లెక్క.

అసలు ఈ వాదం తన కాళ్ళను తానే నరుక్కుంటోంది. మన డ్రైవర్లు బాగా నడపరు, మన రోడ్లు బాగుండవు, రాత్రిళ్ళు హైవే పక్కన లైట్లు లేని ట్రాక్టర్లు ఉంటాయి అని ఒప్పుకుంటే, ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు అవసరం ఇక్కడ ఎక్కువా, తక్కువా? ప్రమాదం జరుగుతుందని నమ్మేవాడే ముందుగా పరుగెత్తాలి సర్వీస్ సెంటర్‌కు.

ఆటోనగర్ మెకానిక్‌కు చూపించాం, బాగుందన్నాడు అనేవాళ్ళకు ఒక మాట. మన మెకానిక్‌ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలరు. కానీ కంట్రోలర్ లోపలి సర్క్యూట్ చూడటం, కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చడం వాళ్ళ చేతిలో లేదు. రీకాల్ కింద ఇచ్చే భాగం బయట అమ్మరు. ఇది చేతకానితనం కాదు, ఆ తలుపు వాళ్ళకు మూసి ఉంది.

ఇప్పుడు ఏం జరగాలి

జపాన్‌లో 2018 మే నుంచి, ప్రమాదకరమైన టకాటా ఇన్‌ఫ్లేటర్లు మార్చని కార్లకు అక్కడి తప్పనిసరి తనిఖీలో అనుమతి ఇవ్వడం మానేశారు. ఆస్ట్రేలియా అదే ఏడాది ఈ రీకాల్‌ను తప్పనిసరి చేసి, మార్చడానికి గడువు పెట్టింది. మన దగ్గర కూడా పేరు మార్పిడి అర్జీ పెట్టగానే ఆ చాసిస్ నంబరు మీద తేలని రీకాల్ ఉంటే స్క్రీన్ మీద కనపడాలి, అది పూర్తయిన కాగితం లేకుండా ఫారం 29, 30 ముందుకు కదలకూడదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ నోటీసులోనే ఆ సంగతి ఒక వరుస రాయాలి. కన్సల్టెన్సీలు అమ్మే ప్రతి పాత కారుకూ రీకాల్ స్థితి రాసి ఇవ్వాలి. భాగం దొరకక నెలలు ఆలస్యమైతే, అది ప్రమాదకరమైన లోపమైతే, కంపెనీ అప్పటిదాకా వేరే కారు ఇవ్వాలి. నడపవద్దని చెప్పి చేతులు దులుపుకోవడం చెల్లదు. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. చలానా పంపగలిగిన ప్రభుత్వం ఇవన్నీ చేయగలదు.

కానీ ప్రభుత్వం చేసేదాకా ఆగమని నేను ఎవరికీ చెప్పను. ఆర్‌సీ బయటికి తీయండి. దాని మీద 17 అక్షరాలూ అంకెలూ కలిసిన చాసిస్ నంబరు ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్లో రీకాల్ పేజీలో అది కొట్టండి, లేదా షోరూంకు ఫోన్ చేసి ఆ నంబరు చదివి వినిపించండి. పాత కారు కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చేయాలి, ఎందుకంటే మీకు మెసేజ్ రాదు. కారు అమ్మేసినవాళ్ళకు ఇంకా మెసేజ్‌లు వస్తుంటే, కొన్నవాళ్ళకు ఒక్క ఫోన్ చేయండి. బ్రాడీపేటలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. అక్కడికి చదువుకు వెళ్ళిన పిల్లలు మొదట కొనేది చవకగా దొరికే పాత కారే. 2001 నుంచి 2003 దాకా వచ్చిన కొన్ని హోండా, ఆక్యురా కార్లలో ప్రమాదం జరిగితే ఇన్‌ఫ్లేటర్ పేలిపోయే అవకాశం 50 శాతం దాకా ఉందని అక్కడి భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. ఈ వారం వీడియో కాల్‌లో తిన్నావా, నిద్రపోయావా అని అడిగాక, కారు నంబరు కొట్టి రీకాల్ చూశావా అని కూడా అడగండి. ఆ తనిఖీకి అక్కడా డబ్బు తీసుకోరు, ఇక్కడా తీసుకోరు.